ముక్కు మీద బొట్టు

నేను ఒక పసుపుపచ్చ పెట్టెను. గుప్పిట్లో ఇమిడిపోతాను. అంకెలు చూపే చిన్న తెర, దాని కింద సన్నటి జాలీ, జాలీ వెనక ముక్కు. నా ఒళ్లంతా ఇంతే. కుళ్లిన గుడ్ల కంపు కొట్టే ఒక విషవాయువును పసిగట్టి కూత పెట్టడం నా పని. ఆ వాయువుది టక్కరి గుణం. ఎక్కువైన కొద్దీ మనిషి ముక్కును మొద్దుబారుస్తుంది. కంపు పోయిందనుకుని మనిషి ఊపిరి పీలుస్తాడు, పడిపోతాడు. తమ ముక్కును తాము నమ్మలేని చోటు ఒకటుందని ఒప్పుకుని మనుషులు నన్ను తయారుచేశారు. వాళ్లు అంత వినయం చూపించడం మళ్లీ నేను చూడలేదు.

భీమిలి దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక రొయ్యల ఫ్యాక్టరీ నన్ను కొన్నది. మరో ఫ్యాక్టరీలో మనుషులు పోయిన కబురు పేపర్లో వచ్చిన వారమది. ఆ వేడి చల్లారగానే నన్ను మేనేజరుగారి బీరువాలో పెట్టారు. తనిఖీకి ఎవరైనా వస్తే బయటికి తీసి బల్లమీద పెట్టేవారు. వాళ్లు టీ తాగి వెళ్లగానే మళ్లీ లోపలికి.

నన్ను వెలుగులోకి తెచ్చింది మంగవేణి. సేఫ్టీ పనికని కొత్తగా చేరిన అమ్మాయి. రొయ్యలు కడిగిన నీళ్లు చేరే మురుగు తొట్టిలోకి ఎవరు దిగినా నన్ను వాళ్ల చొక్కాకు తగిలించి, నడుముకు తాడు కట్టి పంపేది. దిగేది ఎప్పుడూ సన్యాసిరావే. కాంట్రాక్టరు కింద పనిచేసే మనిషి. పైన తాడు పట్టుకునేది అతని మేనల్లుడు గౌరినాయుడు.

"ఏటి మావా, పిచికని సంకనెట్టుకుని దిగుతున్నావు? మేతెట్టినావా?" అనేవాడు గౌరి.

"నీకెట్టిందే దండగ. ఇదైతే కూతైనా కూత్తాది" అనేవాడు సన్యాసిరావు.

కూశాను కూడా. వానాకాలంలో ఒకనాడు అతను సగం నిచ్చెన దిగేసరికి నా ముక్కుకు ఘాటు తగిలింది. గొంతు చించుకున్నాను. అతను పైకి పాకి, గట్టుమీద చతికిలబడి, నన్ను రెండు చేతుల్లోకి తీసుకుని కళ్లకద్దుకున్నాడు. ఆ రోజు నుంచి అతనికి నేను పిచికను కాను, "తల్లి"ని.

దసరా వచ్చింది. ఆయుధపూజనాడు ఫ్యాక్టరీలో మోటార్లకు, తూకం యంత్రాలకు, లారీలకు బొట్లు పెట్టారు. నన్ను మాత్రం సన్యాసిరావు ఎవరికీ ఇవ్వలేదు. తడిగుడ్డతో తుడిచాడు. గంధం చిక్కగా అరగదీశాడు. నుదురెక్కడుందో తెలియక తెర కింద జాలీనే నుదురనుకున్నాడు. దానిమీద గంధం దిట్టంగా పూసి, నడిమధ్య కుంకుమ అద్ది, దండం పెట్టాడు. నన్ను అంత ప్రేమగా ముట్టుకున్నవాళ్లు అంతకుముందూ లేరు, ఆ తరవాతా లేరు. ఆ ప్రేమ ఎండి గట్టిపడి నా ముక్కు మూసేసింది.

మర్నాడు తొట్టి పని పడింది. మంగవేణి నన్ను చేతిలోకి తీసుకుని బొట్టు చూసింది. గోటితో గీకబోయింది.

"సెరపకమ్మా! పండగెల్లి ఒక పూటైనా కాలేదు. ముత్తయిదువ బొట్టు సెరిపేత్తారా ఎవులైనా?" అన్నాడు సన్యాసిరావు.

ఆమె చెయ్యి ఆగింది. నా మీట నొక్కింది. తెరమీద సున్నా. దీపం పచ్చగా వెలిగింది.

నిజానికి నన్ను పరీక్షించడానికి ఒక గ్యాసుబుడ్డి ఉంటుంది. అందులోని గ్యాసు రోజూ ఒక్క గుక్క నాకు చూపించి, నేను కూశాకే మనిషిని దించాలి. ఆ బుడ్డి ఖాళీ అయి చాలాకాలమైంది.

అతను దిగాడు. తొట్టి అడుగున అతని ఛాతీమీద వేలాడుతూ నేను సున్నా చూపిస్తూనే ఉన్నాను. ఒక్కసారి "తల్లీ" అన్నాడు. మోకాళ్లమీద కూలబడ్డాడు. పైన గౌరి కేక పెట్టి దూకబోతే, మంగవేణి అతని నడుం పట్టుకుని వెనక్కి పడిపోయింది. "దూకితే నువ్వూ పోతావు! తాడు లాగు!" అని అరిచింది. ఇద్దరూ కలిసి లాగారు. ఆసుపత్రికి చేరేలోపే సన్యాసిరావు ప్రాణం పోయింది.

విచారణకు అధికారి ఒకరు వచ్చారు. సన్యాసిరావు భార్య పైడమ్మ గోడవారగా నిలబడింది. మేనేజరుగారు నన్ను అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నారు. "చూడండి సార్. యంత్రం లోపం కాదు, కంపెనీ లోపం కాదు. అతనే చేతులారా మూసుకున్నాడు. మూఢనమ్మకానికి మేమేం చేస్తాం?"

అలా రాస్తే చచ్చిపోయినవాడే తన చావుకు దోషి అవుతాడు. ఆ గదిలో అందరికీ ఆ సంగతి తెలుసు. అధికారి కలం విప్పారు.

మంగవేణి లేచింది. "ఆ బొట్టు నేను కూడా చూశాను సార్. సన్యాసిరావు బాబాయి బాధపడతాడని తుడవలేదు. అది నా తప్పే. పరీక్ష బుడ్డిలో గ్యాసు ఉంటే, ఈ పెట్టె కూయదని దించకముందే తెలిసేది. వానలప్పటి నుంచీ అడుగుతున్నాను. 'రోజూ పలుకుతోంది కదా, ఇంకా పరీక్షెందుకు' అన్నారు."

"ఎవరన్నారు?"

ఆమె మేనేజరుగారివైపు చూసింది. ఆయన నన్ను బల్లమీద పెట్టేశారు.

అప్పుడు పైడమ్మ మెల్లగా అంది. "బావూ, మా ఆయనకి సదువు నేదు. దండమెట్టడమే ఎరుగును. దండమెట్టినోడిది తప్పని రాత్తన్నారు. మరి దాన్ని బీరువాలో ఎట్టినోల్లకి ఏటి రాత్తారు?"

అధికారి చాలాసేపు రాశారు. ఏం రాశారో నాకు తెలియదు. ఆ నెలాఖరుకు మంగవేణిని ఇక రావద్దన్నారని మాత్రం విన్నాను.

ఇప్పుడు నేను ఒక గుడ్డసంచిలో ఉన్నాను. సంచి మూతికి లక్క ముద్ర వేశారు. కేసు నడుస్తోంది. తీర్పు వచ్చేదాకా నన్ను ఎవరూ తుడవకూడదట.