ఒకే కట్టలో రెండిళ్ళు

మున్సిపల్ ఆఫీసులో పాత కాగితాలన్నీ కంప్యూటరులోకి ఎక్కి మూడు నెలలైంది. ఖాళీ కడుపులతో బీరువాలు వరండాలో నిలబడి ఆవులిస్తున్నాయి. వాటికి ముప్ఫై ఏళ్ళు కాపలా కాసిన గుమాస్తాను అందరూ కట్టల బాబాయి అంటారు. ఇప్పుడాయనకు కట్టడానికి కట్టలు లేవు, ఇక కట్టిపెట్టమనేవాళ్ళు మాత్రం ఉన్నారు.

ఆ మధ్యాహ్నం బట్టలు కుట్టే ఆవిడ మెడలో కొలతల టేపుతోనే పరుగెత్తుకొచ్చింది.

"అమ్మాయ్, మా ఇంటి ప్లాను కావాలి. పక్కింటాయన మా దారికి అడ్డంగా గోడ కడతానని దరఖాస్తు పెట్టాడు. ఇవాళ ఐదింటిలోగా మా కాగితం చూపించకపోతే కంప్యూటరే అనుమతి ఇచ్చేస్తుందట. అప్పుడు నేను గోడ దూకి ఇంట్లోకి పోవాలా? ఈ ఒంటితో!"

కౌంటరులోని అమ్మాయి ఇంటి నంబరు కొట్టింది, ఆవిడ మామగారి పేరూ కొట్టింది. రెండుసార్లూ తెర ఒకే పాట పాడింది: రికార్డు లేదు.

మూల కూర్చుని టీ తాగుతున్న బాబాయి తలెత్తాడు. "మీకూ పక్కింటికీ గొడవ ఎప్పటినుంచమ్మా?"

"మా మామగారి కాలం నుంచీ. ఇప్పుడదెందుకండీ?"

బాబాయి నాలిక కరుచుకున్నాడు. "తప్పు నాదే. గొడవపడే ఇళ్ళ ఫైళ్ళు రెండూ కలిపి ఒకే కట్ట కట్టేవాణ్ణి. ఒకరొస్తే గంటలో రెండోవారు దిగేవారు. రెండుసార్లు నిచ్చెనెక్కే ఓపిక నాకేదీ?"

"స్కాన్ చేసినవాళ్ళు పైనున్న ఫైలు పేరే కట్టంతటికీ పెట్టేశారు బాబాయ్! పైన ఎవరి ఫైలుండేది?" అంది అమ్మాయి.

"గొంతు పెద్దవాళ్ళది."

"అయితే మాది కాదు. మా మామగారిది పిల్లి గొంతు!" అంది ఆవిడ, కిటికీ అద్దాలు అదిరేలా.

పక్కింటాయన ఫైలు తెరవాలంటే ఆయన ఫోనుకొచ్చే నంబరు కావాలి. నాలుగున్నరకు అనుమతి కాగితం కోసం ఆయనే దర్జాగా వచ్చాడు.

"మీ ఫైల్లో వీళ్ళ కాగితాలు కలిశాయేమో చూడాలండీ. ఫోనుకొచ్చిన నంబరు చెప్తారా?" అంది అమ్మాయి.

"నా ఫైల్లో పరాయి ముక్క ఒక్కటుంటే అడుగు! రాసుకో!" అంటూ ఆఫీసంతా వినేలా ఆరంకెలూ చదివాడు.

నలభై పేజీలు ఆయనవే. నలభై ఒకటో పేజీలో ఆవిడ ఇంటి ప్లాను, రెండిళ్ళ మధ్య నాలుగడుగుల దారి, దాని కింద ఒప్పుకుంటూ రెండు సంతకాలు.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "మా నాన్న సంతకమే" అన్నాడు. గొంతు ఒక్కసారిగా సగానికి తగ్గింది.

ఐదుకు పది నిమిషాలుండగా గోడ దరఖాస్తు ఆగిపోయింది. ఆవిడ ప్లాను నకలు మడిచి జాకెట్టు ముక్కల సంచిలో భద్రంగా పెట్టుకుంది.

"ఇక రెండు ఫైళ్ళూ వేరుచేస్తాను" అంది అమ్మాయి.

"వేరుచెయ్యి. కానీ ఒకటి తెరిస్తే రెండోదీ కనబడేలా చెయ్యమ్మా" అన్నాడు బాబాయి.

"ఎందుకు బాబాయ్? తేలిపోయిందిగా?"

బాబాయి కిటికీ వైపు చెయ్యి చూపించాడు. బయట మెట్ల మీద ఆవిడకీ పక్కింటాయనకీ, దారిలో ఎవరి చెప్పులు ఎవరి వైపు విడవాలన్న చర్చ అప్పుడే మొదలైంది.