గాజుపందికి పట్టిన మచ్చ

లౌషా ఊళ్లో ఏ ఇంటి కిటికీలోకి తొంగిచూసినా క్రిస్మస్ చెట్టుకు కట్టే గాజుబొమ్మలే. ఓటోమార్ ఇంట్లో పందిపిల్లలు చేస్తారు. చెట్టు మీద పంది ఉంటే ఏడాదంతా అదృష్టమే. ఊరందరికీ అంత అదృష్టం పంచిపెట్టే ఇంట్లో పుట్టి, పెద్దకూతురు రోస్విటా మాత్రం కడుపుమంటతో రగిలిపోతోంది.

రగిలిపోదూ మరి! పదహారేళ్లప్పుడు "నాన్నా, నేనూ మంట ముందు కూర్చుని గాజు ఊదుతా" అనడిగితే, "జడ అంటుకుంటుందే పిచ్చిమొహమా! ఊదిన బొమ్మల లోపల వెండిపూత పట్టించుకో, రంగులేసుకో" అన్నాడు. జుట్టు నెరిసేదాకా ఆ పనే చేసింది. ఇప్పుడు చిన్నది సిల్కె అడగ్గానే ఆ మహానుభావుడే పక్కన కూర్చుని మరీ ఊదడం నేర్పాడు. దాని జడ అంటుకోదు కాబోలు.

ఆ ఏడు ఓటోమార్‌కి ఆయాసం ఎక్కువైంది. "రేపు డీట్‌హెల్మ్ వస్తాడు. ఏటా మొదటి పంది అతనికే ఇస్తాం కదా, ఈసారి సిల్కె ఊదింది ఇద్దాం. అతను మెచ్చి జేబులో వేసుకుంటే మంట ముందు నా పీట ఇక దానిదే" అన్నాడు. పొగగొట్టాలు ఊడ్చే డీట్‌హెల్మ్ కోటు బొత్తాం తాకితేనే అదృష్టం అంటారు ఆ ఊళ్లో. అతని మెప్పంటే మాటలా!

రోస్విటా కళ్లల్లో కారం కొట్టినట్టయింది. సిల్కె ఊదిన పందిని చేతిలోకి తీసుకుంది. బుగ్గలు, మూతి, చెవులు, ఒక్క వంకా లేదు. అదే ఆమెకి మరీ మండింది. సన్నటి పుల్ల కొసకి బాతుకొవ్వు రాసి, తోక దగ్గరి గొట్టంలోంచి దూర్చి, పంది కడుపు లోపల పూసింది. తర్వాత వెండినీళ్లు పోసి, వేడినీళ్లలో ముంచి ఆడించింది. కొవ్వు ఉన్నచోట వెండి పట్టదు. సరిగ్గా అక్కడే బోడిగా మిగిలింది.

మర్నాడు డీట్‌హెల్మ్ పందిని కిటికీ వెలుగులో తిప్పి చూశాడు.

"ఏంటి పెద్దాయనా, మీ పందికి గజ్జి పట్టిందా?"

సిల్కె మొహం పాలిపోయింది. రోస్విటా లోలోపల గంతులేసింది. ఓటోమార్ కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"ఊదడం బంగారంలా ఉంది. మచ్చ వెండిది" అన్నాడు. రోస్విటా వైపు తిరిగి మెత్తగా, "చూపు మందగించింది కదమ్మా నీకు. పోనీలే. రేపట్నుంచి వెండిపని కూడా చెల్లెలే చూసుకుంటుంది" అన్నాడు.

తన గొయ్యి తనే తవ్వుకుంది! చెల్లి మీద ఏడుస్తూ, మచ్చ పడితే వెండి పట్టించిన చేతినే అంటారన్న సంగతి మరిచింది. ఆ ఊళ్లో పసిపిల్లకైనా తెలిసిన సంగతి.

నోరు మూసుకుంటే బతికిపోయేది. కానీ ఆ జాలి భరించలేకపోయింది.

"నా చూపుకేం రోగం లేదు! నా చేయి ఎప్పుడైనా తప్పిందా? కావాలనే కొవ్వు పూశా! దానికి నేర్పావు. నన్ను జడ అంటుకుంటుందన్నావు!"

డీట్‌హెల్మ్ టోపీ తీసుకుని మెల్లగా జారుకున్నాడు.

సిల్కె పీట మీంచి లేచింది. "ఎంత కసే నీకు!" అంది, కళ్లు తుడుచుకుంటూ. "రా, కూర్చో. ఊదు. చూస్తా నేనూ."

రోస్విటా కూర్చుంది. గొట్టం మంటలో పెట్టి తిప్పింది, ఊదింది. పందిపిల్ల కావలసింది కాస్తా వంకర బంగాళాదుంపలా తేలింది.

"నిజం చెప్పనా?" అన్నాడు ఓటోమార్. "సిల్కె మొదటిది దీనికన్నా బాగుంది."

ఆ మాట సూటిగా వెళ్లి గుచ్చుకుంది. ఓడిపోయింది, అదీ చెల్లెలి ముందు. సిల్కె తన పీట కోసం పక్కనే నిలబడి ఉంది.

"నిలబడకు, వెండినీళ్లు కలుపుకో పో" అంది రోస్విటా, తలెత్తకుండానే. "నాన్నా, ఇంకో గొట్టం ఇయ్యి."