గోడౌన్ మట్టి

ఎలుకల్ని పట్టడానికి ఆరోగ్యశాఖ వాళ్లు తెచ్చిన బోన్లను గోడౌన్ ఓనరు భూపేష్ రెడ్డి మనుషులు గేటు దగ్గరే రోడ్డు మీదికి విసిరేశారు.

"మా గోడౌన్లో ఎలుకలే లేవు, పోండప్పా," అన్నాడు భూపేష్ రెడ్డి, కారు దిగకుండానే.

ఆరోగ్యశాఖ జీపు వచ్చిన దారినే డోన్ ఊళ్లోకి వెళ్లిపోయింది. గోడౌన్ ఊడ్చే కృపమణి గేటు పక్కన నిలబడి ఇదంతా కళ్లారా చూసింది. ఆమె కూతురు కృపారాణిని పూడ్చిపెట్టి అప్పటికి నాలుగు రోజులు.

ఎలుకలు లేవట! ఆ శనక్కాయల గోడౌన్లో మూటలకన్నా ఎలుకలే ఎక్కువ. రాలిన గింజలు ఊడ్చేవాళ్లకే దక్కాలని ఆరేళ్ల కిందట కృపమణే ముందు నిలబడి కొట్లాడి సాధించింది. అప్పట్నుంచీ రోజూ పని దిగాక కృపారాణితో సహా ఆడవాళ్లంతా ఓ మూల కూర్చుని, ఊడ్చిన మట్టిని చేటల్లో చెరిగి గింజలు ఏరుకునేవాళ్లు. దుమ్ము లేచేది. దగ్గుతూనే నవ్వుకునేవాళ్లు.

ఎలుకల ఉచ్చ, పెంటికలు ఎండి ఆ దుమ్ములో కలుస్తాయని, అందులో ఉండే వైరస్ ఊపిరితిత్తుల్ని పట్టుకుంటుందని కర్నూలు పెద్దాసుపత్రిలో కుర్ర డాక్టరు చెప్పాడు. తన అనుమానం అదేననీ, ఎలుకల్నీ మట్టినీ పరీక్షిస్తేనే తేలుతుందనీ అన్నాడు. ఆ సాయంత్రమే కృపారాణి ఊపిరందక చనిపోయింది. తను గెలిచి తెచ్చిన గింజలే బిడ్డను మింగాయంటే ఆ తల్లి కడుపు ఎంత మండాలి!

ఆదివారం ప్రార్థన అయ్యాక ఊడ్చేవాళ్లు, హమాలీలు చర్చి వరండాలో కూడారు.

"ఇంగో అర్జీ పెడదాం," అన్నాడు హమాలీ మేస్త్రి లక్ష్మన్న.

"పెట్టిన అర్జీకే కదన్నా జీపొచ్చింది? యాడికి పోయ ఆ జీపు?" అంది కృపమణి. "మనతో ఊడ్చే శివలీల నా బిడ్డ పోయిన వార్డులోనే ఎగపోస్తాండాది. ఇంగెంతమందిని పూడ్సాల? గోడౌన్ మూయించాల."

"గోడౌన్ మూస్తే ఏం తినాల?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"రోగం తేలేదాకా మూయాల, కూలి వాడే ఇయ్యాల! రేపు మట్టి చెరిగేది వాని ఆఫీసులో. ఎవురొస్తారు?"

ముప్పైమంది వచ్చారు. ముక్కులకు తడిగుడ్డలు కట్టుకుని, చేటల మీద తడి గోతాలు కప్పుకుని భూపేష్ రెడ్డి ఏసీ గదిలోకి నడిచారు. హమాలీలు కిటికీల దగ్గర నిలబడ్డారు.

"ఎలుకల్లేవంటివి కదా రెడ్డీ! ఉత్త మట్టే. ఈడ చెరుగుతాం, సూడు." కృపమణి గోతం లాగేసి చేట ఎత్తింది.

భూపేష్ రెడ్డి కుర్చీని వెనక్కి తన్ని లేచాడు. సొరుగులోంచి ఆసుపత్రి మాస్కు లాగి మూతికి అదుముకున్నాడు.

"దించు! చెరగొద్దు! అది పీలిస్తే సస్తాం!"

ఆ మాట అందరికీ వినబడింది.

"తెల్సు! వీనికి ముందే తెల్సు!" కిటికీలు అదిరేలా అరిచారు హమాలీలు.

ఆ మట్టంతా వాడి మొహాన కొట్టాలని కృపమణికి అనిపించింది. కానీ అదే గాలి తనవాళ్లూ పీల్చాలి. పళ్లు బిగబట్టి చేట దించి, మళ్లీ గోతం కప్పింది. వాడి మొహంలో చావుభయం చూసినందుకు మాత్రం ఆమెకు కసిగా, తృప్తిగా ఉంది.

పోలీసులు వచ్చి చేటలతో సహా అందర్నీ స్టేషన్‌కు తీసుకెళ్లారు. ప్రాణాలు తీసే రోగాన్ని అంటించబోయారని భూపేష్ రెడ్డి ఫిర్యాదు చెబుతుంటే ఎస్సై రాసుకుంటున్నాడు. కృపమణి బల్ల ముందుకు వచ్చింది.

"బాగా రాయి సార్. గోడౌన్ మట్టిలో పానం తీసే రోగముండాదని రాయి. కింద ఆయప్పతో సంతకం పెట్టించు. ఈ చేటకు సీలేసి ల్యాబుకు పంపు."

ఎస్సై కలం ఆగింది. భూపేష్ రెడ్డి మొహం మాడిపోయింది.

"కేసొద్దులే సార్, పంపించేయండి వీళ్లను," అన్నాడు.

"కేసు కావాల! కేసయితేనే మట్టి ల్యాబుకు పోతాది!" అంది వెనకనుంచి లక్ష్మన్న గొంతు. ఆడవాళ్లంతా అదే మాట అందుకున్నారు. ఒక్కరూ బయటికి కదల్లేదు. చేటలు పట్టుకుని బల్ల ముందు వరస కట్టారు.

"ముద్దాయిల్లో మొదట నా పేరు రాయి సార్," అంది కృపమణి. "కృపారాణి తల్లి, కృపమణి."