షెద్లియా ఖాళీ చేసిన ఊరు

శిక్షణ బడి సామాన్లన్నీ వానలో బయటపడేసిన రోజే షెద్లియా మనసులో పగ పుట్టింది.

ట్యునీషియాలోని ఐన్ రుమ్మాన్ ఊళ్లో ఆ సర్కారు బడికి పెద్ద ఆమే. ఊరివాళ్లు గౌరవంగా సి హష్మీ అని పిలిచే ఆయన ఫ్యాక్టరీయే ఊరికి అన్నం పెట్టేది. కార్లలో అమర్చే తీగల కట్టలు అక్కడ తయారయ్యేవి. అక్కడ పనిచేసే ఆడవాళ్లలో నూటికి తొంభై మంది షెద్లియా దగ్గర పని నేర్చుకున్నవాళ్లే. జర్మనీ వాళ్లు సరుకు కొన్నా, గేటు ముందు దుకాణాలు కళకళలాడినా అంతా వాళ్ల చేతి చలవే. హష్మీ మాత్రం అదంతా తన తెలివే అనుకున్నాడు. మున్సిపాలిటీ అధ్యక్షుడు కూడా తానే కాబట్టి, మేనల్లుడు లస్సాద్ పెళ్లిమండపం పెట్టుకుంటానంటే బడి భవనం వాడి చేతిలో పెట్టేశాడు.

షెద్లియా తడిసిన బట్టలతోనే ఆయన ఆఫీసుకు వెళ్లింది.

"సి హష్మీ, బడి లేకపోతే రేపు మీ ఫ్యాక్టరీకి మనుషులు ఎక్కణ్ణించి వస్తారు?"

"తీగకి తీగ తగిలించడానికి బడెందుకమ్మా? మన ఆడపిల్లలకి వేళ్లున్నాయి, చాలదూ? నీకు ఊరికే కూర్చోవడం కష్టంగా ఉంటే చెప్పు, మండపంలో కుర్చీలు వేయించే పనిస్తా."

అక్కడ పుదీనా టీ తాగుతున్న మున్సిపాలిటీ సభ్యులంతా పగలబడి నవ్వారు. షెద్లియా ఎవరెవరు నవ్వారో చూసుకుని బయటికొచ్చేసింది.

సముద్రపు ఒడ్డున స్ఫాక్స్ నగరంలో ఆసుపత్రి యంత్రాలు తయారుచేసే కంపెనీ ఒకటి మంచి పనివాళ్లు దొరక్క అవస్థ పడుతోంది. షెద్లియా అక్కడికి వెళ్లి, వాళ్ల చేత పాడుబడ్డ నూనెగానుగ షెడ్డొకటి తెరిపించి అందులో బడి పెట్టింది. తర్వాత ఐన్ రుమ్మాన్‌కు ఫోన్లు మొదలుపెట్టింది. అందరికీ చేయలేదు. ఎవరు లేకపోతే హష్మీ ఫ్యాక్టరీకి ఊపిరాడదో ఆమెకు తెలుసు. ముందుగా మబ్రూకాను పిలిచింది. తీగల కట్టలో తప్పు ఎక్కడుందో చేత్తో తడిమి చెప్పగల మనిషి ఆమె.

"జీతం ఎక్కువ, ఇల్లు ఇస్తారు, నీ కూతురికి మంచి బడి. రా."

"సి హష్మీ ఊరుకుంటాడా, లల్లా షెద్లియా?" అంది మబ్రూకా, పెద్దావిడను పిలిచే మర్యాదతో.

"ఊరుకోకూడదనే పిలుస్తున్నా."

మబ్రూకా వచ్చింది. ఆమె వెనుక యంత్రాలు బాగుచేసేవాళ్లు, ఆ తర్వాత కొత్తవాళ్లకు పని చూపించే పాతకాపులు కదిలారు. ఒక్కొక్కరు బస్సు దిగుతుంటే షెద్లియా తానే ఎదురెళ్లి పెట్టె అందుకునేది. ఆ రాత్రి ఆమెకు హాయిగా నిద్రపట్టేది.

ఒకరోజు తమ్ముడు నౌఫెల్ ఫోన్ చేశాడు. వాడిది ఫ్యాక్టరీ గేటు ముందు రొట్టెల కొట్టు.

"అక్కా, సాయంత్రానికి సగం రొట్టెలు మిగిలిపోతున్నాయే. ఇక చాలు, ఆపు."

"కొన్నాళ్లు ఓర్చుకో."

"నువ్వు కొడుతున్నది వాణ్ణా, నన్నా?"

ఆమె ఫోన్ పెట్టేసింది. మర్నాడు ఇంకో ఇద్దరిని పిలిచింది.

హష్మీ కొత్త పిల్లల్ని చేర్చుకున్నాడు. వాళ్లకు వేళ్లున్నాయి గాని నేర్పేవాళ్లు లేరు. తనిఖీ పని లస్సాద్‌కు అప్పగించాడు. పంపిన సరుకు పంపినట్టే తిరిగొచ్చింది. చివరికి జర్మనీ వాళ్లు దండం పెట్టి వెళ్లిపోయారు. ఊళ్లో కొట్లు ఒకదాని వెనుక ఒకటి మూతపడ్డాయి. చేతిలో జీతం లేని ఊళ్లో పెళ్లిళ్లెవరు చేస్తారు? మండపంలో కుర్చీల మీద దుమ్ము పేరుకుంది.

అప్పుడు హష్మీ మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని స్ఫాక్స్ వచ్చాడు. షెద్లియా పాఠం ఆపలేదు. వాళ్లిద్దరినీ వెనుక బల్ల మీద కూర్చోబెట్టి, మధ్యాహ్నం దాకా విననిచ్చింది.

"నా మనుషుల్ని నాకిచ్చెయ్ తల్లీ. ఊరు చచ్చిపోతోంది," అన్నాడు హష్మీ.

"ముందు మీ తనిఖీ అధికారి పనితనం చూడనివ్వండి." ఆమె లస్సాద్ ముందు తీగల పలక పెట్టింది. "ఇవి కలిపి దీపం వెలిగించు నాయనా. మా దగ్గర చేరేవాళ్లకి మొదటి వారం పని ఇది."

విద్యార్థులంతా చుట్టూ మూగారు. లస్సాద్ చెమటలు కక్కుతూ తీగలు అటూ ఇటూ మార్చాడు. దీపం వెలగలేదు. ఎవరో కిసుక్కుమన్నారు. వాడు పలకను తోసేసి బయటికి పోయాడు. హష్మీ ముఖం మాడిపోయింది. షెద్లియా ఆ ముఖాన్ని తనివితీరా చూసింది.

"బడి తాళాలు ఇస్తాను. ఇంకేం కావాలి?" అన్నాడాయన మెల్లగా.

"తాళాలు సంతలో, నలుగురూ చూస్తుండగా ఇవ్వాలి. ఇక మనుషులంటారా, వాళ్లనే అడగండి."

మధ్యాహ్నం విరామానికి ఊరివాళ్లతో కలిసి అక్కడికి వచ్చిన మబ్రూకా తల అడ్డంగా ఊపింది. "నా కూతురు ఇక్కడ ఫస్టొస్తోంది సి హష్మీ. మీ ఊళ్లో దాన్నేం చెయ్యమంటారు?" ఒక్కరూ కదల్లేదు. షెద్లియాకు అది పండగలా అనిపించింది.

ఆ వారంలోనే నౌఫెల్ కొట్టు అమ్ముకుని, రొట్టెల రేకులు లారీకెత్తించుకుని స్ఫాక్స్‌లో దిగాడు.

"వాడికంటే ముందు మునిగింది నేను. ఆ సంగతి నీకు ముందే తెలుసు కదూ?"

"తెలుసు," అంది షెద్లియా. వాడి చేతిలోని రేకు అందుకోబోతే వాడు ఇవ్వలేదు.

సంతలో తాళాలు తీసుకున్నాక ఆమె ఐన్ రుమ్మాన్‌లో బడి మళ్లీ తెరిచింది. పెళ్లి వేదికను తనే దగ్గరుండి పీకించింది. పట్టుమని పదిమంది చేరారు. వాళ్లు పనివాళ్లయ్యేసరికి ఏళ్లు పడుతుందని ఆమెకు తెలుసు. చేరిన ప్రతి పిల్ల చేతా మాట మాత్రం తీసుకుంది: హష్మీ గేటు తొక్కనని.

"ఇంకా తీరలేదా నీ పగ?" అని నౌఫెల్ ఫోన్‌లో అడిగాడు.

"లేదు," అంది షెద్లియా.