కాచి చల్లార్చిన పాండిత్యం

నీళ్ళ గురించి మాట్లాడమంటే లెక్చరరుకి తిండి కూడా అక్కర్లేదు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి చెప్పి అలిసిన నోరు ఇంటికొచ్చాకైనా కాస్త విశ్రాంతి తీసుకోవాలా, తీసుకోదు. భోజనాల బల్ల దగ్గర గ్లాసు ఎత్తి పట్టుకుంటాడు, ఇక తాగడు. అందులో తేలే ఐసు ముక్కను చూపించి, గడ్డకట్టేటప్పుడు నీళ్ళు ఉబ్బుతాయి కనకే ఐసు తేలుతుందనీ, అదే మునిగే సరుకైతే చలిదేశాల చెరువులు అడుగు నుంచీ గడ్డకట్టి చేపలన్నీ చచ్చేవనీ చెబుతాడు. ఈలోగా కూర చల్లారిపోతుంది. నీళ్ళు మాత్రం అంత తొందరగా చల్లారవట, వేడిని దాచుకుంటాయట. అదీ చెబుతాడు.

ఆయన భార్య పళ్ళ డాక్టరు. పొద్దస్తమానం ఆవిడ ముందు నోరు తెరుచుకు కూర్చునేవాళ్ళెవరూ ఒక్క ముక్క మాట్లాడలేరు. ఆ సుఖం మరిగిన మనిషికి ఇంట్లో ఈ నోరు రాసిపెట్టి ఉంది. మొదట్లో వినేది, తర్వాత విన్నట్టు నటించేది, ఇప్పుడు నటించే ఓపిక కూడా లేదు. అయినా చెవులకు మూతలుండవు కదా, ఆయన పాఠాలన్నీ ఆవిడకు కంఠతా వచ్చేశాయి.

వాళ్ళ పదేళ్ళ కూతురికి ఉన్నట్టుండి కడుపునొప్పి వస్తే అపెండిక్స్ ఆపరేషన్ చేశారు. థియేటర్లోకి తీసుకెళ్ళే ముందు ఆ పిల్ల తన గురించి అడగలేదు.

"బుగ్గల్ని చూసుకుంటావు కదమ్మా?" అంది.

బుగ్గలంటే ఆ పిల్ల పెంచుకునే బంగారు చేప. వేలెడంత ఉన్నప్పుడు తెచ్చుకుంది. స్కూల్లో ఎవరితో గొడవైనా ముందు ఆ గాజు తొట్టి దగ్గరికొచ్చి చెప్పుకునేది.

"ఇంటికి రాగానే ముందు దాన్నే చూపిస్తాను, సరేనా?" అని తల్లి మాటిచ్చింది. ఆ మాట పట్టుకునే పిల్ల లోపలికి వెళ్ళింది.

డిశ్చార్జి రోజు పొద్దున, పిల్ల దగ్గర తన చెల్లెల్ని కూర్చోబెట్టి, బట్టలు తీసుకెళదామని ఇంటికొచ్చింది డాక్టరు. హాల్లో తొట్టి తళతళా మెరిసిపోతోంది. నాచూ లేదు, మొక్కలూ లేవు. నీళ్ళు ఉన్నాయో లేవో తెలియనంత తేటగా ఉన్నాయి. ఆ పక్కనే లెక్చరరు పసుపు రాసిన పెళ్ళికొడుకులా నిలబడ్డాడు, అంత సంబరం.

"చూశావా? చెత్తంతా పారేశా. నీళ్ళు మరగకాచి, దుమ్ము పడకుండా మూతలు పెట్టి చల్లార్చి, కదలకుండా గొట్టంతో మెల్లగా నింపా. ఒక్క క్రిమి ఉంటే చూపించు!"

డాక్టరు క్రిముల కోసం చూడలేదు, చేపను చూసింది. బుగ్గలు నీళ్ళ పైకొచ్చి ఒక పక్కకు ఒరిగి, నోరు తెరిచి మూస్తోంది.

"ఇదెప్పట్నించీ ఇలా చేస్తోంది?"

"నీళ్ళు పోసిన దగ్గర్నించీ. ఆకలేమో అని గింజలు వేశా. తినట్లేదు. బహుశా కొత్త నీళ్ళు రుచిగా ఉన్నాయేమో."

ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

"రుచా? కాచిన నీళ్ళు చప్పగా ఎందుకుంటాయో చెప్పండి."

"అదేం ప్రశ్న? కాస్తే అందులో కరిగిన గాలంతా..." లెక్చరరు నోరు సగంలో ఆగిపోయింది. ఆ నోరు అలా ఆగడం ఆవిడ కాపురానికొచ్చాక ఇదే మొదటిసారి.

"ఊఁ, కానివ్వండి. గాలంతా పోతుంది. కాస్తో కూస్తో గాలి వదిలే మొక్కల్నీ పారేశారు. రోజూ భోజనాల దగ్గర లోకంలోని చేపలన్నిటినీ బతికిస్తారు కదా, ఇంట్లో ఉన్న ఒక్కదాన్నీ ఊపిరాడకుండా చేశారు!"

"కుళాయి నీళ్ళు పోస్తే..."

"ముక్కు పనిచేస్తోందా? బ్లీచింగ్ వాసన కొడుతున్నాయి. అదొక్కటే తక్కువ దానికి."

ఆవిడ వంటింట్లోంచి పెద్ద చెంబు తెచ్చింది. తొట్టిలో నీళ్ళు ముంచి, చేపకు దూరంగా ఓ మూల, చెయ్యి చాచినంత ఎత్తు నుంచి ధారగా వదిలింది. నీళ్ళు బుడగలు కక్కాయి. మళ్ళీ ముంచింది, మళ్ళీ వదిలింది. నేలంతా తడిసింది. పిల్ల ఇంటికొచ్చి ఒరిగిపోయిన చేపను చూస్తే ఏం చెప్పాలో ఆవిడకు తోచలేదు, చెయ్యి మాత్రం ఆగలేదు. భుజం లాగేసరికి చెంబు మొగుడి చేతిలో పెట్టింది.

"నోటితో కాదు, చేత్తో చెప్పండి పాఠం. నేను పిల్లను తీసుకొస్తా."

మధ్యాహ్నం పొట్ట పట్టుకుని మెల్లగా నడుస్తూ పిల్ల హాల్లోకొచ్చింది. చొక్కా తడిసి, జుట్టు చెదిరి, లెక్చరరు ఇంకా పోస్తూనే ఉన్నాడు. బుగ్గలు ఒరగకుండా నిలదొక్కుకుంది, నీళ్ళ మధ్యలో రెక్కలాడిస్తోంది.

"నాన్నా, ఏం చేస్తున్నావు?"

లెక్చరరు గొంతు సవరించుకున్నాడు. అయిపోయింది, అనుకుంది ఆవిడ. ఇక ఐసు దగ్గర మొదలుపెడతాడు, పిల్లను నిలబెట్టే చెబుతాడు.

"నీళ్ళలో గాలి కలుపుతున్నానమ్మా," అన్నాడు. "నేనే తీసేశాను."

ఇంకేమైనా అంటాడేమోనని పిల్ల ఎదురుచూసింది. ఏమీ అనలేదు. భయపడి తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, నాన్నకి ఒంట్లో బాగాలేదా?"

"ఇప్పుడే కుదుటపడుతోంది," అంది డాక్టరు. "ఆగారేం? పోయండి."