నాగపూర్ పార్సెలు

క్షితీశ్ బాబు బతికినన్నాళ్లూ ఆ ఇంట్లో ఎవరూ అడుగు చప్పుడు చేసేవారు కాదు. నేల అదిరితే గ్రామఫోను ముల్లు ఎగిరిపడుతుందని, రికార్డు మీద గీత పడుతుందని ఆయన భయం. కలకత్తా భవానీపూర్‌లో రెండో అంతస్తులో వాళ్లకున్నవి రెండు గదులు. ఒకటి మనుషులకు, రెండోది రికార్డులకు. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆయన భార్య లావణ్యప్రభ గాజుల్ని మోచేతిదాకా తోసుకుని గానీ ఆ రెండో గదిలో అడుగు పెట్టేది కాదు.

ఆమెకు సంగీతం అబ్బలేదు. అబ్బింది మూట కట్టడం. ఊరూరా ఉన్న తనవంటి పిచ్చివాళ్లతో భర్త రికార్డులు మార్చుకునేవాడు. అవి టపాలో వెళ్లాలి, టపాలో రావాలి. లక్కతో చేసిన పాత రికార్డు గాజుకన్నా సుకుమారం. దానికంటే నాలుగు వేళ్లు వెడల్పున్న గట్టి అట్టలు రెండు, వాటి మధ్య రికార్డు, చుట్టూ మెత్తని గుడ్డ, అదంతా ఒక పెట్టెలో, ఆ పెట్టె ఇంకో పెట్టెలో, రెండింటి మధ్యా కూరిన దూది. ఆపైన గుడ్డ చుట్టి కుట్టు వేసి, కుట్టు కుట్టుకీ లక్క సీలు కొట్టాలి. సీలు లేనిదే ఇన్సూరెన్సు లేదు. ఇదంతా ఆయన నేర్పిందే. ఆమె కట్టిన పార్సెళ్లలో ఒక్కటీ పగలలేదు. ఆయన ఆ మాట పొరుగూరి స్నేహితులకు గర్వంగా రాసేవాడు గానీ ఆమెతో ఎప్పుడూ అనలేదు.

పోయేముందు మంచంలో పడుకుని, "వీటిని వినేవాళ్ల దగ్గరికి పంపెయ్. నీకెందుకు ఈ బరువు" అన్నాడు.

ఏడాది తిరిగాక ఆమె పేపర్లో రికార్డుల పేర్లతో అమ్మకం ప్రకటన వేయించింది. ఉత్తరాలు వచ్చాయి. ఒక్కొక్కటే కట్టి పంపడం మొదలుపెట్టింది. మరిది నిశీథ్ ఆదివారాలు వచ్చి పక్కన కూర్చుని సిగరెట్టు కాల్చుకుంటూ వదిన కుట్లు వేయడం చూసేవాడు.

"బౌదీ, దాదా తన ప్రాణానికి ఒక్క రూపాయి ఇన్సూరెన్సు కట్టాడా? ఈ నల్ల అప్పడాలకు మాత్రం ఒక్కోదానికీ కట్టాడు."

"ఆయన ప్రాణం టపాలో వెళ్లలేదు కదా ఠాకుర్‌పో. ఆ బూడిద ఇటు రాల్చకు" అనేది మరిదితో.

నాగపూర్ నుంచి ఉత్తరం వచ్చింది డెబ్భై నాలుగు చలికాలంలో. రాసింది వాసుదేవ్ భాలేరావు అనే రిటైరైన స్కూలు మాస్టారు. ప్రకటనలో 'మిస్ కేతకి, నాగపూర్' అన్న పేరు చూశాడట. ఆవిడ తన తల్లి అని రాశాడు. పెళ్లికి ముందు, పదిహేడేళ్ల వయసులో, కలకత్తా వచ్చి ఒక్క రికార్డుకు పాడింది. పెళ్లయ్యాక ఆ ఊసే ఇంట్లో ఎత్తనివ్వలేదు. కొడుకు పాలు మరిచేలోపే చనిపోయింది. ఫోటో కూడా లేదు. "నాకు యాభై ఎనిమిదేళ్లు. మా అమ్మ గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు. మీరు ఎంత చెబితే అంత పంపిస్తాను" అని ముగించాడు.

లావణ్యప్రభ ఆ ఉత్తరం నిశీథ్‌కు చదివి వినిపించింది. అతడు కాసేపు సిగరెట్టు వెలిగించుకోవడం మరిచిపోయాడు.

"మా ఆఫీసులో హాల్దార్ దగ్గర టేపు మిషనుంది. ముందు దాని మీద ఒక కాపీ ఎక్కించి పంపుదామా? దారిలో ఏమైనా అయితే కనీసం అదైనా మిగులుతుంది."

ఆమెకు అది మంచి మాటే అనిపించింది. అలాగే రాసింది. వారంలో జవాబు వచ్చింది. వద్దన్నాడు భాలేరావు. మొదటిసారి టేపులో వినడం తనకు ఇష్టం లేదట. మేనమామ దగ్గరి పాత గ్రామఫోను బాగు చేయించి పెట్టుకున్నాడు. అమ్మ పాడిన ఆ రికార్డు తిరుగుతుంటే దాని ముందు కూర్చుని వినాలి. తర్వాత కావలిస్తే తనే టేపు చేయించుకుంటాడు. "ఇన్నాళ్లు ఆగినవాణ్ణి, ఇంకో పది రోజులు ఆగలేనా" అని రాశాడు.

పంపేముందు ప్రతి రికార్డునూ రెండు వైపులా వేసి చూడడం ఆ ఇంటి రివాజు. ఎక్కడ గీత ఉంది, ఎక్కడ బుసబుసమంటోంది, ఎక్కడ ముల్లు తడబడుతోంది, అన్నీ కొనేవాళ్లకు ముందే చెప్పాలి, తర్వాత పేచీ రాకూడదు. "పాటలో చెవి పెట్టకు. పాట వెనకాల పెట్టు" అని ఆయన నేర్పాడు. ఆమె అలాగే పెట్టింది. కేతకీబాయి రికార్డు ఎంతో శుభ్రంగా ఉంది. మొదటి వైపు మధ్యలో చిన్న చిటపట, అంతే. రెండో వైపు అయిపోయిందనుకుని ముల్లు ఎత్తబోయింది. ఇంకా ఏదో వినిపించడంతో చెయ్యి ఆపి, అది కూడా అయ్యాక ఎత్తింది.

ఇక కట్టడం. రికార్డును ఎప్పుడూ పాత కాగితపు తొడుగులో పంపకూడదు. అరవై ఏళ్ల నాటి జిగురుకు నమ్మకం లేదు. కొత్త తొడుగులో పెట్టి, పాతదాన్ని విడిగా అట్టల వెనక సర్దాలి. ఇది క్షితీశ్ బాబు వెయ్యిసార్లు చెప్పిన మాట. కానీ ఆ పాత తొడుగు మీద ఎవరో దుకాణదారు అందమైన నాగరి అక్షరాల్లో, ఊదా సిరాతో 'కుమారి కేతకి' అని రాసి ఉన్నాడు. పెట్టె విప్పగానే ఆ కొడుక్కి మొట్టమొదట కనబడేది ఆ పేరై ఉండాలని లావణ్యప్రభకు అనిపించింది. తొడుగు అంచులు వేలితో తడిమి చూసింది. గట్టిగానే ఉన్నట్టుంది. అందులోనే పెట్టేసింది.

టపా కచేరీలో గుమాస్తా ఇన్సూరెన్సు ఎంతకు చేయాలని అడిగాడు. నిశీథ్ వెంట వచ్చాడు గనుక వెనక నుంచి, "లక్ష అని రాయి బౌదీ, పోతే మనమందరం పూరీ వెళ్లి సముద్రం చూసొద్దాం" అన్నాడు. ఎంత రాయమంటారని ముందే నాగపూర్‌కు రాస్తే ఆయన, "దానికి నేను వెల ఎలా కట్టను? మీరే ఏదో ఒకటి వేయండి" అన్నాడు. కలం పట్టుకుని ఆమె చాలాసేపు నిలబడింది. వెనక వరుసలో వాళ్లు గొణగడం మొదలుపెట్టాక రెండు వందలని రాసింది.

పది రోజులైనా కబురు లేదు. పన్నెండో రోజున తంతి వచ్చింది. 'పార్సెలు క్షేమంగా అందింది. రికార్డు పగిలింది. తప్పు మీది కాదు.'

ఆమె దాన్ని తిరగేసి మరగేసి చదివింది. క్షేమంగా అందితే పగలడమేమిటి? తను కట్టినదాంట్లో ఎక్కడ లోపం జరిగిందో అని గది మధ్యలో కూలబడి మొదటి అట్ట నుంచి చివరి సీలుదాకా మనసులో మళ్లీ కట్టుకుంటూ వచ్చింది. తొడుగు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

నిశీథ్‌కు చెబితే, "ఇన్సూరెన్సు ఉందిగా. సీలు ఊడిపోయి వచ్చిందని ఒక ముక్క రాయమను. ఎవరు చూడొచ్చారు" అన్నాడు. ఆమె ఆ సలహా కూడా రాసి పంపింది. ఆ మనిషికి తనవల్ల ఇంకేం దక్కుతుందో తోచక రాసింది. దానికి జవాబు రాలేదు. ఫాల్గుణంలో మనిషే వచ్చాడు.

పొద్దున్నే మెట్ల మీద ఆగి ఆగి ఎక్కుతున్న చప్పుడు. తలుపు తీస్తే సన్నగా, పొడుగ్గా, నల్లటోపీ పెట్టుకున్న మనిషి. చేతిలో గుడ్డసంచీ.

"బహెన్‌జీ, నేను భాలేరావుని."

ఆమె లోపలికి రమ్మని కుర్చీ వేసింది. ఆమె హిందీలో ఆడా మగా తేడా ఉండేది కాదు, గోడా మనిషీ తేడా ఉండేది కాదు. అన్నింటినీ ఒకే గాటన కట్టేసేది. ఆయన నవ్వకుండా విన్నాడు.

"లూచీలు, అంటే మా పూరీలు, వేయిస్తాను, కూర్చోండి భాలేరావు బాబూ. మా ఇంట్లో చేప ఉండదు, నేను తినను. భయం లేదు."

"నేను భయపడి రాలేదమ్మా. మీరు రాసిన ఉత్తరానికి జవాబు చెప్పిపోదామని వచ్చాను." టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "సీళ్లన్నీ సరిగ్గా ఉన్నాయి. పెట్టె మూల కూడా నలగలేదు. అంత దూరం అది పువ్వులా వచ్చింది. పగలగొట్టింది నేను."

ఆమె నిలబడే ఉంది.

"ఇంట్లో అందరినీ కూర్చోబెట్టాను. కోడలు దీపం కూడా పెట్టింది. పేరు చూశాను. ఊదా సిరా. అందరికీ కనబడాలని తొడుగును ఇలా పైకెత్తి పట్టుకున్నాను. అడుగు విడిపోయి రికార్డు జారింది. పట్టుకుందామని ముందుకు పడ్డాను. మోకాలు దాని మీదే పడింది. ముక్కలైతే ఎవరైనా అతికేవారేమో. మధ్యలో పిండి అయిపోయింది. అది టపావాళ్ల మీద వేసి రెండు వందలు పుచ్చుకోమన్నారు మీరు. నాకు మనసొప్పలేదు."

లావణ్యప్రభ అప్పుడు కూర్చుంది. ఆ తొడుగులో పెట్టకూడదని తనకు తెలుసని, తెలిసీ పెట్టానని, ఎందుకు పెట్టిందీ చెప్పింది. వచ్చీరాని హిందీలో చెప్పడంవల్ల అలంకారాలేమీ లేకుండా, ఉన్నది ఉన్నట్టు బయటికి వచ్చింది.

ఆయన చాలాసేపు కిటికీలోంచి కింద ట్రాము వెళ్లడం చూశాడు. కోపం వచ్చిందో లేదో ఆమెకు తెలియలేదు.

"పేరైనా చూశాను" అన్నాడు చివరికి. "ఆ ఒక్క క్షణం చాలా బాగుంది. అది మీరు ఇచ్చిందేనన్నమాట."

లూచీలు చల్లారిపోయాయి. ఆయన ఒకటి తుంచి పక్కన పెట్టి, అసలు వచ్చిన పని అప్పుడు చెప్పాడు.

"మీరు దాన్ని వేసి విన్నానని రాశారు. ఈ లోకంలో ఇప్పుడు మా అమ్మ గొంతు విన్నవాళ్లు మీరొక్కరే. ఎలా ఉంది? సన్నగా ఉందా, బొంగురుగా ఉందా? మీకు తోచినట్టే చెప్పండి."

ఆమె నోరు తెరిచింది. చిటపట గుర్తుంది. అది ఎన్నో చుట్టులో వచ్చిందో కూడా గుర్తుంది. బుస లేదని గుర్తుంది. పాట గుర్తులేదు. కోయిల గొంతని చెప్పవచ్చు, తేనె అని చెప్పవచ్చు, ఆయన నమ్ముతాడు, నమ్మి ఇంటికెళ్లి మనవలకు చెబుతాడు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది.

"నేను పాట వినలేదు భాలేరావు బాబూ. గీతలు విన్నాను. మా ఆయన నాకు నేర్పింది అదే."

ఆయన తల ఊపాడు. ఒళ్లో టోపీని ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పాడు. ఇక లేవబోతున్నాడని తోచి ఆమె తొందరపడింది.

"ఆగండి. చివర్లో, పాటయ్యాక, ఆవిడ పేరు చెప్పుకుంది. అప్పట్లో అందరూ చెప్పేవారు కదా, మేరా నామ్ ఫలానా అని. ఆ తర్వాత మిరపకాయ కారమో ఏదో అంది. అది మాత్రం గుర్తుంది. పాడే మనిషికి కారం గోలెందుకు అనుకున్నాను."

"కారమా?"

"ఝాల్ అంది. మా భాషలో కారం. మెల్లగా అంది, రికార్డుకి కాదు, పక్కనున్నవాళ్లతో అన్నట్టు. ఝాల్ కా... అలాగే ఏదో."

ఆయన మొహం రంగు మారింది.

"ఝాలం కా?" అన్నాడు.

"అదే. అదే అంది."

"అయిందా అని అడిగింది" అన్నాడు భాలేరావు. "మరాఠీలో. పాట అయిపోయిందా అని. రికార్డు చేసే బాకా ముందు నిలబెట్టిన దొరనో ఎవరినో అడిగింది." కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చాడు. "పదిహేడేళ్ల పిల్ల. భయపడి ఉంటుంది. భయపడ్డట్టు అందా?"

"లేదు. పాఠం అప్పజెప్పాక పిల్లలు పంతులుగారిని అడుగుతారే, అలా. కొంచెం అలసట, కొంచెం నవ్వు."

"ఒక్కసారి అనండి బహెన్‌జీ. ఆమె అన్నట్టే."

ఆమె కళ్లు మూసుకుని, చెవిలో ఉన్నదాన్ని పట్టుకుని, "ఝాలం కా" అంది.

"ఇంకోసారి."

అంది. ఆఖరి అక్షరం ఇంకాస్త పైకి లేచిందని సవరించి మళ్లీ అంది. ఆయన తనూ అన్నాడు. అంత పైకి కాదు, ఇంతే అని ఆమె దిద్దింది. అలా ఆ పొద్దున ఆ గదిలో ముసలివాళ్లిద్దరూ ఆ ఒక్క మాటనే అటూ ఇటూ అందించుకుంటూ కూర్చున్నారు. పక్కవాటా ఆవిడ ఎవరో వచ్చారని తొంగిచూసి, ఏమీ అర్థంకాక వెళ్లిపోయింది. చివరికి ఆయన, "చాలు, నాకు పట్టుబడింది" అని లేచాడు. మెట్లు దిగుతూ ఆ మాటనే లోలోపల అనుకుంటున్నట్టు పెదవులు కదపడం ఆమె పైనుంచి చూసింది.

సాయంత్రం నిశీథ్ వచ్చాడు. పాట్నాకు వెళ్లాల్సిన రికార్డు బల్ల మీద అలాగే ఉంది.

"కట్టలేదేం బౌదీ?"

"రేపు కడతాను."

"ఆ నాగపూరాయన వచ్చాడటగా, ఏమన్నాడు? గొడవ పెట్టాడా?"

"లేదు. వాళ్లమ్మ మాట తీసుకుని వెళ్లాడు."

అతడు వెళ్లాక ఆమె ఆ మాటను మళ్లీ ఒకసారి చెవిలోకి తెచ్చుకోవాలని చూసింది. పొద్దున ఆయన అడిగినప్పుడు మొదటిసారి అది ఎంత స్పష్టంగా వినిపించిందో. ఆ దూరం, ఆ ముల్లు రాపిడి వెనకనుంచి తేలి వచ్చిన ఆ చిన్నపిల్ల గొంతు. ఇప్పుడు ఎంత ప్రయత్నించినా వినబడుతున్నది తన గొంతే. అన్నిసార్లు తనే అని, దిద్ది, మళ్లీ అని, ఆ పిల్ల గొంతు మీద తనది మూత వేసేసింది. ఆయన పట్టుకుపోయినది కూడా తన గొంతేనేమో. ఆ సంగతి ఆయనకు రాయాలా అని చాలాసేపు ఆలోచించింది. రాయలేదు.