సగం గీసిన హంసల కొంగు

నా భార్య వనజ పోయిన ఏడాదికి కంప్యూటరు కూడా పోయేలా కనిపించింది. లోపల డిస్కు టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టింది.

గద్వాలలో చీరలకు డిజైన్లు గీసి మగ్గాలవాళ్లకు ఇవ్వడం మా పని. నేను గ్రాఫు కాగితం మీద గీస్తాను. వనజ కంప్యూటరు నేర్చుకుని తెర మీదే గీసేది. ఆమె గీసినవన్నీ, గడుల లెక్కన చిల్లులు కొట్టిన అట్టలై మగ్గాలెక్కాయి. డిస్కు పోయినా అవి ఎక్కడో ఒకచోట ఉంటాయి. ఒక్కటే లేదు. హంసల కొంగు. సగం గీసి దవాఖానకు పోయింది, తిరిగి రాలేదు. దానికి కాగితం లేదు, అట్ట లేదు. ఆ డిస్కులో ఉన్నదే ఉన్నది.

వనజ జాగ్రత్త మనిషి. రెండో డిస్కు పెట్టించి, రోజూ సాయంత్రం అన్నీ దాంట్లోకి వాటంతటవే కాపీ అయ్యేలా చేసింది. ఆమె పోయాక తమ్ముడు జితేందర్ వచ్చి అంతా మార్చాడు. పాత విండోస్ తొంభై ఎనిమిది తీసి ఎక్స్‌పీ ఎక్కించాడు. "పాత బ్యాకప్పును కొత్త సిస్టమ్ చదవదు బావా, తుడిచేసిన. మల్ల కొత్తగ అయితది" అన్నాడు.

కాలేదు. వనజ ఉన్నప్పుడు టీ తాగేలోపు అయ్యే బ్యాకప్పు ఇప్పుడు సాయంత్రమంతా నడిచినా సగానికి రాదు. ఈలోపు కరెంటు కోత. మధ్యలో ఆగితే అంతవరకు అయింది కూడా పనికిరాదు. మరునాడు మళ్లీ మొదటి నుంచి. డిస్కు చప్పుడు రోజురోజుకూ పెరుగుతోంది.

జితేందర్ మా ముందర గదిలోనే ఆ కంప్యూటరు ముందు కూర్చుని పైసలు తీసుకుని ఫోన్లలోకి పాటలు ఎక్కించేవాడు. బొంబాయి బస్సెక్కే కూలీలు ఫోన్లు చేతుల్లో పట్టుకుని తలుపు కడప దగ్గర నిలబడేవాళ్లు. వాళ్ల ముందే అడిగాను.

"మీ అక్క ఉన్నప్పుడు లేనిది ఇప్పుడేందిరా గిట్ల?"

"కొత్త సిస్టమ్ బావా. జర టైం తీస్కుంటది."

"కరెంటు పోయేలోపల ఒక్కనాడన్న అయిందా?"

"గది కరెంటోళ్లను అడుగు. నన్నడిగితె నేనేం జెప్త?"

కడప దగ్గర ఒకడు నవ్వాడు. "జితేందరన్నా, మీ బావకు గూడ ఓ పాట ఎక్కియ్యి. జర సల్లవడ్తడు."

జితేందర్ కూడా నవ్వాడు. నేను లోపలికి పోయాను.

మరునాడు అతను గట్టు అనే ఊళ్లో పెళ్లికి పోయాడు. సాయంత్రం బ్యాకప్పు మొదలవగానే తెర ముందు కూర్చున్నాను. కాపీ అవుతున్నవాటి పేర్లు ఒక్కొక్కటే కింద వచ్చి పోతున్నాయి. నాకు వచ్చిన ఇంగ్లీషు మా ఊరి బడిలో చెప్పినంతే. కూడబలుక్కుని చదివాను. పాట. పాట. సినిమా. మళ్లీ పాట. వనజ డిజైను ఒక్కటి రాలేదు. కరెంటు పోయేదాకా చూశాను. రాలేదు.

అప్పుడు తెలిసింది. పాత సిస్టమ్ పాటలు ఎక్కించే ఫోను మెమరీ కార్డును గుర్తుపట్టేది కాదు. అతను మార్చింది అందుకే. నా కోసం కాదు, వాళ్ల అక్క గీసినవాటి కోసం కాదు. పాటలు, సినిమాలు కుప్పపోశాడు. బ్యాకప్పు ముందు వాటినే మోస్తోంది. డిజైన్ల వంతు వచ్చేసరికి చీకటే.

కరెంటు రాగానే తెర మీద బ్యాకప్పు పెట్టె తెరిచి వెతికాను. ఒకచోట పేర్ల పక్కన చిన్నచిన్న గడులు కనిపించాయి, అన్నింటికీ గుర్తులు పెట్టి ఉన్నాయి. గ్రాఫు మీద నిండిన గడి అంటే పోగు పైకి లేవాలి, ఖాళీ గడి అంటే లేవకూడదు. ఇదీ అంతే అనుకున్నాను. ఒక్కొక్క గడీ ఖాళీ చేశాను. వనజ పేరున్న గడి ఒక్కటి ఉంచి బ్యాకప్పు మళ్లీ నడిపించాను.

లేచి నీళ్లు తాగి వచ్చేసరికి అయిపోయింది.

రెండో డిస్కులో తెరిచి చూశాను. హంసలు ఉన్నాయి.

మొదటి డిస్కు ఇంకా కొట్టుకుంటూనే ఉంది. జితేందర్ పెళ్లి నుంచి వచ్చాడు, మళ్లీ పాటలు ఎక్కించుకున్నాడు. డిస్కు పోతోందని నేను చెప్పలేదు. ఆ చప్పుడు అతనికీ వినబడేదే, పాటల మోతలో పట్టించుకోలేదు. వారం తిరగకముందే తెర నల్లబడింది. కడప దగ్గర కూలీలు కాసేపు చూసి బస్టాండులో ఇంకో దుకాణానికి పోయారు.

"డిస్కు పోతదని నీకు ఎరుకేనా బావా?"

"ఎరుకే."

"ఒక్క మాట జెప్పకపోతివి?"

"కొత్త సిస్టమ్ గద. జర టైం తీస్కుంటదనుకున్న."

అతను నా మొహంలోకి చూసి, కుర్చీ వెనక్కి తోసి వెళ్లిపోయాడు. అతను మళ్లీ వచ్చేసరికి నేను కొత్త డిస్కు పెట్టించుకున్నాను. అతను కడప దాటలేదు. చేతిలో ఫోను కార్డు.

"పాటలు పోతె పోనియ్యి. అక్క గీసిన హంసల కొంగు దీంట్ల ఎయ్యి బావా. అక్క చేతిది నా దగ్గర ఒక్కటి గూడ లేదు."

"నువ్వు తుడిచిన దాంట్ల ఉండె. ఆడ ఎతుక్కో."

 కార్డు జేబులో వేసుకుని మెట్లు దిగాడు. మళ్లీ రాలేదు.

ఇప్పుడు సాయంత్రం బ్యాకప్పు మొదలైనట్టే ఉంటుంది, అయిపోతుంది. వనజ కొంగులో హంసలు నాలుగు నీళ్లలోకి దిగాయి. ఐదోదానికి మెడ లేదు. దాన్ని నేను గీయను. ఎవరినీ గీయనివ్వను.